కుడివైపు పతకాలు

"పతకాలు తప్పు వైపు పెట్టుకున్నారు, పెద్దాయనా" అన్నాడు గేటు దగ్గరి సార్జెంటు.

లోపల మైదానంలో మాజీ సైనికుల సభ. ముసలాయన పాత కోటుకి కుడివైపున నాలుగు పతకాలు వేలాడుతున్నాయి. మూడు యుద్ధాలవి, ఒకటి దీర్ఘకాల సేవకి. పక్కనే ముసలావిడ, చేతిలో మంచినీళ్ళ సీసాతో.

"ఏమిటి తప్పు?" అని అరిచాడు ముసలాయన. ఫిరంగి దళంలో పనిచేసినవాళ్ళకి మెల్లగా మాట్లాడటం రాదు.

"సొంతవైతే ఎడమవైపు. పోయినవాళ్ళవి వాళ్ళ తాలూకు మనుషులు పెట్టుకుంటే కుడివైపు. అదీ పద్ధతి."

"తెలిసే పెట్టుకున్నాను."

సార్జెంటు గొంతు మెత్తబడింది. "అయితే మీది ముందు వరస. పోయినవాళ్ళ కుటుంబాలని జనరల్ గారు స్వయంగా వచ్చి పలకరిస్తారు."

ముసలాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చింది ఆ పలకరింపు కోసమే. జనరల్ చెవిన ఒక్క మాట వేయాలి. ఆ మాట పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగిపోయాయి. ఇవాళ కూడా కుదరకపోతే ఇల్లు గడిచే దారి లేదు.

కానీ ఊరికే పంపిస్తే అతను సార్జెంటు ఎలా అవుతాడు?

"పోయినాయన మీకేమవుతారు?"

"బాగా దగ్గర. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నాం."

"అయ్యో. ఏం జబ్బు చేసింది?"

"ఎవరూ చెప్పరే. అడిగితే, పోయాడు, అంతే అంటారు. జ్వరం కూడా వచ్చినట్టు లేదు."

"ఆయన భార్య ఉన్నారా?"

"ఇదిగో, ఈవిడే."

"మరి మీకు ఈవిడ...?"

"నాకూ భార్యే."

సార్జెంటుకి పొలమారింది. వెనక నిలబడ్డవాళ్ళు చెవులు రిక్కించారు.

"అంటే అమ్మా, ఆయన పోయాక..." అని నసిగాడు.

"పోతే మాత్రం వండిపెట్టక తప్పుతుందా బాబూ" అంది ముసలావిడ. "ఆయనెంత మొండో ఈయనా అంతే. గురక కూడా ఒకటే."

సార్జెంటు ఇంకేమీ అడగదలుచుకోలేదు. తలవంచుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

కాసేపటికి జనరల్ వచ్చాడు. కుడివైపు పతకాలు చూసి టోపీ తీశాడు. దీర్ఘకాల సేవా పతకాన్ని వేలితో తాకి, "చాలా గొప్ప సైనికుడు" అన్నాడు. "అటువంటివాడి ఆత్మశాంతికి నేను చేయగలిగింది ఏమైనా ఉంటే మొహమాటపడకండి."

ముసలావిడ మోచేత్తో పొడిచింది. ముసలాయన నిటారుగా లేచి, మడమలు చేర్చి సెల్యూట్ కొట్టి, మైదానమంతా వినబడేలా అన్నాడు:

"ఆ పోయింది నేనే సార్, దేవుడు ఇంకా పిలవకుండానే పింఛను ఆఫీసువాళ్ళు నిరుడు పంపించేశారు, తమరు ఒక్క మాట చెప్పి నన్ను బతికించండి."