ఫ్రిజ్ తలుపు

గినీ పిగ్‌లు రెండింటిని పెంచుకుందామని మా ఆవిడ ఇంటికి తెచ్చి వారమైంది. నాకు మనశ్శాంతి పోయి కూడా వారమే.

"కొత్త చోటు కదా, బెదురు పోయేదాకా ముట్టుకోకండి," అంది. సరేనన్నాను. రోజూ పొద్దున్నే పెంటికలు ఊడ్చి, గడ్డి మార్చి, క్యాప్సికం తరిగి పెడుతున్నాను. ఇంత చేసినా, నేను కనిపిస్తే చాలు, వాటి ఆస్తి రాయించుకోవడానికి వచ్చినట్టు అట్టపెట్టెలో దూరతాయి.

అదే ఫ్రిజ్ తలుపు చప్పుడైతే మాత్రం, కూరగాయలొస్తున్నాయని బయటికి ఉరికి, ఇల్లు ఎగిరిపోయేలా కూస్తాయి.

ఈ మధ్యాహ్నం మా ఆవిడ మేడమీద బట్టలు ఆరేస్తోంది. నేను పిల్లిలా వెళ్లి ఫ్రిజ్ తలుపు బెత్తెడు తీశాను. రెండూ ఒకటే గోల. స్వీటు డబ్బా ఇంకా నా చేతిలో ఉండగానే ఆవిడ దిగొచ్చింది.

"ఊరుకోమంటే ఊరుకోవు ఇవి. ఏరి కోరి వీటినే ఎందుకు తెచ్చావు?" అని విసుక్కున్నాను.

ఆవిడ డబ్బా లాక్కుని, కట్టు కట్టిన నా పాదం వైపు చూసింది.

"కుందేళ్లు ఇస్తామన్నారు. అవి అరవవట, అందుకే వద్దన్నాను. షుగరు ఒక వేలు తీసుకుపోయింది. మిగతా తొమ్మిదింటికైనా కాపలా ఉండాలి కదండీ."