కోడి తల ఎటువైపు?

"డబ్బు పెట్టి కొనేవాడు వెర్రివాడు. లోకంలో ప్రతి పనికీ ఓ ఫ్రీ సైటు ఉంది. అది ఎక్కడుందో నాకు తెలుసు" అనేవాడు ఆ-షెంగ్, తైవాన్‌లోని లూకాంగ్ ఊళ్లో తను పనిచేసే కుళాయిల కంపెనీలో ఎవరు ఎదురుపడినా.

ఆ మాట నమ్మి యజమానురాలు తూ మేడమ్ తన ఫొటో ఇచ్చి, వెనకున్న గోడ తీసేసి బ్యానర్ చేయమన్నారు. ఫ్రీ సైటు గోడతో పాటు మేడమ్ జుట్టు కూడా తీసేసింది. కుళాయిలు కొనడానికొచ్చిన జపాన్ వాళ్లు ఆ బ్యానర్ చూసి ఎవరో బౌద్ధ మఠం పెద్దమ్మ అనుకుని, గేటు దగ్గరే నడుం వంచి నమస్కారం పెట్టి మరీ లోపలికొచ్చారు.

అయినా ఆ-షెంగ్ జోరు తగ్గలేదు. అతని కంప్యూటర్ తెర మీద 'అప్‌డేట్ అవుతోంది, ఆపకండి' అని ఎప్పుడు చూసినా నీలంగా వెలుగుతుండేది. అదీ ఓ ఫ్రీ సైటే. దాని వెనక అతను హాయిగా కునుకు తీసేవాడు. ఆ అప్‌డేట్ మొదలైనప్పుడు పెళ్లి కుదిరిన పక్క సీటు అమ్మాయికి ఇప్పుడు కొడుకు పుట్టి నడుస్తున్నాడు.

ఇంతలో ఏడాది చివరి విందు వచ్చింది. లాటరీలో ఈసారి పెద్ద బహుమతి ఎర్ర స్కూటరు. ఆ-షెంగ్ పాత బండి స్టార్ట్ అవ్వాలంటే వీధి మొత్తం వచ్చి తొయ్యాలి. వీధి వాళ్లు అతన్ని చూడగానే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఆ స్కూటరు తనకి దక్కి తీరాల్సిందే.

పోయినేడు లాటరీ మేడమే తన లాప్‌టాప్‌లో తీశారు. బహుమతి టీవీ వెళ్లి వెళ్లి అక్కడే పనిచేసే ఆవిడ మేనల్లుడు చియా-వేకే తగిలింది. అప్పట్నించీ క్యాంటీన్‌లో గుసగుసలే. అందుకే ఈసారి ఆవిడ ఆ-షెంగ్‌ని పిలిచారు.

"ఈసారి నువ్వే తియ్యి. నేను చెయ్యి పెడితే జనం నోళ్లు మూతపడవు. నమ్మకమైన సైటు ఏదైనా ఉందా?"

"ఎందుకు లేదు మేడమ్! పేర్ల చక్రం ఉంది. దేవుడైనా లంచం పుచ్చుకుంటాడేమో గానీ, అది పుచ్చుకోదు!"

నిజానికి ఆ చక్రానికి ఓ రహస్యం ఉంది. మూలనున్న చిన్న చుక్కని నొక్కి పట్టుకుంటే ఓ పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎవరి పేరు రాస్తే, చక్రాన్ని ఎవరు తిప్పినా ఆ పేరు మీదే ఆగుతుంది. ఆ-షెంగ్ తన పేరు రాసుకుని, అద్దం ముందు నిలబడి ఆశ్చర్యపోవడం ప్రాక్టీసు చేశాడు. పాపం, దానికి మాత్రం ఫ్రీ సైటు దొరకలేదు.

విందు రోజు హాల్లో ఎవరూ నవ్వడం లేదు. అందరూ కోడి కోసం ఎదురుచూస్తున్నారు. పాత ఆచారం ప్రకారం ఈ విందులో ఉడికించిన కోడి తల ఎవరి వైపు తిరిగి ఉంటే వాళ్ల ఉద్యోగం ఊడినట్టే. ఆ పద్ధతులు ఇప్పుడెక్కడున్నాయని అందరూ అంటారు. అంటూనే కుర్చీలు పక్కకి జరుపుకుంటారు. పైగా ఈ ఏడు ఆర్డర్లు బాగా తగ్గాయి.

కోడి వచ్చింది. దానికి తలే లేదు!

"బతికాంరా తమ్ముడూ!" అంది అకౌంట్స్ చూసే షియు-ఫెన్, ఆ-షెంగ్ గిన్నెలో రెండు ముక్కలు వేస్తూ.

అప్పుడే మేడమ్ మైకు అందుకున్నారు.

"ఒకరిని తీసెయ్యక తప్పదు. కోడి తల ఎటు పెట్టినా, కావాలనే పెట్టానంటారు. అందుకే తల తీయించేశాను. మన ఆ-షెంగ్ చక్రం ఉందిగా, దానికి తనా పరా లేదు! స్కూటరు కంటే ముందు దాన్ని ఓసారి తిప్పుతాను. ఎవరి పేరొస్తే వాళ్లు రేపట్నించి రానక్కర్లేదు."

ఆ-షెంగ్ నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఏంట్రా ఆ చెమటలు?" అంది షియు-ఫెన్. "ఇంతమందిలో సరిగ్గా నీ పేరే వస్తుందా ఏంటి?"

అతను కుర్చీ తన్నేసి వేదిక మీదున్న లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాడు. మౌస్ మీదున్న మేడమ్ చెయ్యి పట్టేసుకుని, ఆవిడ చెవిలో గొణిగాడు.

"తిప్పకండి మేడమ్! నా పేరే వస్తుంది. ఎన్నిసార్లు తిప్పినా నా పేరే. స్కూటరు కోసం నేనే రాసిపెట్టాను. తప్పయిపోయింది. ఆ అప్‌డేట్ కూడా ఉత్తిదే మేడమ్. ఇంకా... మీ జుట్టు పోయిన సంగతి బ్యానర్ కట్టకముందే చూశాను. మళ్లీ చెయ్యడానికి బద్ధకమేసింది."

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసి, మైకు పైకెత్తారు.

"విన్నారా! ఎవర్నీ తియ్యొద్దని కాళ్లావేళ్లా పడుతున్నాడు. సరే, వీడి ముఖం చూసి ఈ ఏడు అందరి ఉద్యోగాలూ ఉంచేస్తున్నాను!"

హాలు దద్దరిల్లింది. గ్లాసులు పైకి లేచాయి. షియు-ఫెన్ కళ్లు తుడుచుకుంటూ, "బంగారం లాంటి పిల్లాడు. నేనే అపార్థం చేసుకున్నాను" అంది.

ఆ చప్పట్ల మధ్య మేడమ్ మైకుని అరచేత్తో మూసి, ఆ-షెంగ్ వైపు వంగారు.

"ఇప్పుడు నీ మీద ఎవరికీ అనుమానం రాదు. వెళ్లి నీ పేరు తుడిచేసి, మా చియా-వే పేరు రాయి."

"మేడమ్... ఆ చుక్క ఎక్కడుంటుందో మీకు..."

"నాకు తెలీకపోతే, పోయినేడు టీవీ వాడికెలా వచ్చిందనుకున్నావ్?"