నకిలీ పేలుడు ఎవరిది?

మధ్యాహ్నం టీ ఇంకా చల్లారలేదు, కంప్యూటరు గీ పెట్టింది. ఉపగ్రహానికి గామా కిరణాల పేలుడొకటి దొరికిందట.

ఎక్కడో ఒక భారీ నక్షత్రం తన బరువు తానే మోయలేక లోపలికి కుప్పకూలి ఉండాలి. అలా కూలినప్పుడు నడిమధ్యన కృష్ణబిలం పుడుతుందనీ, అక్కడినుంచి రెండు ధారలు నక్షత్రాన్ని చీల్చుకుని బయటికి చిమ్ముతాయనీ, అందులో ఒకటి మనవైపు తిరిగితే ఇలా కనిపిస్తుందనీ ఈ ఖగోళ పరిశోధకుల జట్టు నమ్మకం. నమ్మితే సరిపోదు, రుజువు కావాలి. పేలుడు వెంట వచ్చే వెలుగు చూస్తుండగానే మసకబారిపోతుంది. ఈలోగా, భూమికి అవతలివైపు చీకట్లో ఉన్న పెద్ద టెలిస్కోపును అటు తిప్పాలి.

తిప్పే బటన్ ఆ పూట డ్యూటీలో ఉన్న కుర్రాడి ముందే ఉంది. అతను నొక్కలేదు.

ఈ ఆఫీసుకో పాడు ఆనవాయితీ ఉంది. ఏడాదికోసారి జట్టులో ఒకరు గుట్టుగా నకిలీ పేలుడు తయారుచేసి డేటాలో కలుపుతారు, మిగతావాళ్లు పట్టుకుంటారో లేదో చూడటానికి. ఆ వంతు ఎవరిదో డైరెక్టరుకు తప్ప మిగతా ఎవరికీ తెలియదు. వంతు తనదని బయటపెట్టినవాళ్ల ఉద్యోగం ఊడుతుంది. పోయినసారి అతను నకిలీకి టెలిస్కోపు తిప్పేసి ‘బకరా’ అనిపించుకున్నాడు. మళ్లీ తిప్పితే ఇక ఇంటికేనని డైరెక్టరు ముఖంమీదే చెప్పాడు. అడుగుదామంటే ఆయన విమానంలో ఉన్నాడు.

నిజమైతే మాత్రం, ఇంత దగ్గరి పేలుడు వీళ్ల జన్మలో మళ్లీ రాదు.

తెరమీద పేలుడు వెలుగును చూపే గీత మరీ ముద్దుగా ఉంది, పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడినట్టు. అదే అతనికి మింగుడుపడలేదు. ఒక్కొక్కరినీ ఓరకంట చూశాడు. లెక్కలాయన తాపీగా బిస్కెట్టు నములుతున్నాడు. కొత్తమ్మాయి ఫోన్లో ఉంది. అందరూ అక్క అని పిలిచే సీనియర్ మాత్రం పాలిపోయిన ముఖంతో అతని కుర్చీ వెనకే నిలబడింది.

“తిప్పు తమ్ముడూ, టైమ్ లేదు.”

“నకిలీ అయితేనో?”

“కాదు.”

“అంత గట్టిగా ఎలా చెప్తున్నావక్కా?”

అక్క బటన్ వైపు వేలు చూపించింది. “అది అడక్కు.”

అతనికి లోపల నవ్వొచ్చింది. ఎప్పుడూ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషికి ఇవాళ ఇంత తొందరేమిటి?

“ఈసారి వంతు నీదే కదూ?”

లెక్కలాయన పకపకా నవ్వాడు.

“నీకు దండం పెడతాను, ముందు తిప్పు” అంది అక్క. నిజంగానే చేతులు జోడించింది.

అక్కకు నటన కూడా బాగానే వచ్చు అనుకుని, అతను టీ కప్పు అందుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. రెండోసారి బకరా కానందుకు ప్రాణం హాయిగా ఉంది. తెరమీద వెలుగు ఆరిపోయేదాకా కప్పు దించలేదు.

వంతు అక్కదేనన్న అతని అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజం, కాకపోతే తన నకిలీని ఆమె ఇంకా డేటాలో కలపనే లేదు.