స్లాబు దావత్

ఎవరూ పిలవని ముసలాయన ఒకడు యాట కూర ఉడుకుతున్న చోటికి వచ్చి, నిన్న ఎప్పుడు పనెక్కారని అడిగాడు.

"పొద్దుపొడుపుకు ఎక్కినం. దిగేసరికి చీకటి పడ్డది," అంది పొయ్యి దగ్గరున్న కూలీ మంగ్లీ.

స్లాబు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపడానికి ఉండదు. అందుకే మర్నాడు కాంట్రాక్టరు యాటను కోయిస్తాడు. పొద్దుగూకాక చేసిన పనికంతా అదే కూలి. పెద్దవంగర దగ్గరి తండా నుంచి భూపాలపల్లికి వలస వచ్చిన ఆ కూలీలు దాన్ని ఆయన మంచితనం అనుకునేవారు.

"ఎక్కువ గంటలు చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలమ్మా. చట్టంలో ఉంది," అన్నాడు ముసలాయన. తనూ ఒకప్పుడు తాపీ పట్టినవాడేనట. వీళ్ల తరఫున లేబర్ ఆఫీసులో ఫిర్యాదు కూడా పెట్టాడట. "సోమవారం వరంగల్ వచ్చి, మీలో ఇద్దరు ఉన్న మాట చెబితే చాలు."

మేస్త్రీ అమర్‌సింగ్‌కు ఆ మాటతీరు నచ్చలేదు.

"మీది ఆంధ్రానా?"

"అవును బాబూ. తణుకు వైపు."

తెలంగాణ కోసం చౌరస్తాలన్నీ దీక్షా శిబిరాలైన రోజులవి. అమర్‌సింగ్ కూడా ఒక పూట కూలి వదులుకుని శిబిరంలో కూర్చుని వచ్చినవాడే.

అంతలో కాంట్రాక్టరు వచ్చాడు, మెడలో గులాబీ కండువాతో. ముసలాయన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు.

"గీనెవరో నాకు తెల్వదన్నా. మన పని గుంజుకునేతందుకు ఏ ఆంధ్రా కాంట్రాక్టరో పంపుంటడు. జర పైలం," అన్నాడు.

ముసలాయన అతనివైపే చూస్తూ నిలబడ్డాడు.

"మా మీద మీ పెత్తనం చాలు. పోండ్రి," అన్నాడు అమర్‌సింగ్.

ఒక విస్తరి వేద్దామని మంగ్లీకి అనిపించింది. కానీ వేయలేదు.

సోమవారం ఎవరూ వరంగల్ వెళ్లలేదు.

పని ముగిశాక కాంట్రాక్టరు మామూలు కూలి కూడా ఎగ్గొట్టి మాయమయ్యాడు. అప్పుడు గుర్తొచ్చింది లేబర్ ఆఫీసు.

వీళ్ల గోడు అంతా విని ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు.

"ఆ పెద్దమనిషి ఆ సోమవారం పొద్దటి సంది ఆఫీసు మూసేదాక గుమ్మంల నిలబడ్డడు. దూరం నుంచి రావాలె కద, వస్తరు అనుకుంట. మీరు ఒక్కరన్న రాకపోతిరి. సాక్ష్యం లేక ఫిర్యాదు కొట్టేసిండ్రు."

అమర్‌సింగ్ తల ఎత్తలేకపోయాడు. ఒక్కసారి ఆ ముసలాయన కాళ్లు పట్టుకోవాలనిపించింది.

"గాయన ఇప్పుడు యాడుంటడు సారూ?"

"ఏమో. ఆ రోజే కొడుకు ఇంట్ల నుంచి ఎల్లగొట్టిండట."

"గసొంటి మనిషినా? ఎవడు సారూ ఆ కొడుకు?"

ఇన్‌స్పెక్టరు అతన్ని వింతగా చూశాడు.

"మీకు ఇప్పటికీ తెల్వదా? మీ కాంట్రాక్టరే."