ఎడమ వైపర్

కొత్త రూలుతో సరిహద్దు గేటుకి కెమెరాలు వచ్చాయి. చేతులు చాచడం మానేశాం, మామూళ్లు మానలేదు. ముందే ముట్టజెప్పిన లారీ ఎడమ వైపర్ పైకెత్తుకుని వస్తుంది. నేను కంటైనర్ తెరిపించకుండా పంపేస్తాను.

ఒక మధ్యాహ్నం ఒక లారీ అలాగే వచ్చింది. గేటు లేపినా కదల్లేదు. డ్రైవర్ దిగి, "సార్, ఒక్కసారి సీలు తెంపి చూడండి..." అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"పైన కెమెరా ఉంది. నోర్మూసుకుని పో!" అని కసిరాను.

సాయంత్రం ఆ డ్రైవర్ అవతలి దేశం గేటు నుంచి నడిచి వచ్చాడు.

"వైపర్ ఎత్తి మరీ తనిఖీ అడుగుతావేంట్రా?"

"అది విరిగి అలా పైకే ఉండిపోయింది సార్. సీలు మేం తెంపకూడదు, మీరు తెంపుతారని వచ్చా. అవతల తెరిచేసరికి లోపలున్న నలుగురికీ ఊపిరి లేదు."

నేను తలెత్తి కెమెరా వైపు చూశాను.

"మీ గేటు దాకా తడుతూనే ఉన్నారు సార్."