నీళ్లలా ఉంది

నాన్న గిన్నె దించి, "నీళ్లలా ఉంది" అన్నాడు.

జపాన్‌లోని మా ఎచిగో సీమలో, బియ్యం పులియబెట్టి చేసే సాకే మద్యానికి ఇంతకు మించిన పొగడ్త లేదు. గొంతులో ఎక్కడా తగలకుండా జారిపోతేనే ఆ మాట అంటారు. కానీ నాన్న రుచి చూసి ఉమ్మినవి నిజంగా నీళ్లే. అడుగున నీలం చుట్లున్న తెల్ల గిన్నెలు రెండూ ఒకేలా ఉంటాయి. నోరు పుక్కిలించడానికి నేను పెట్టిన నీళ్ల గిన్నె ఆయన చేతికొచ్చింది.

మొన్నటి జ్వరం ఆయన నాలుకకు రుచి లేకుండా చేసిందని నాకప్పుడు అర్థమైంది. ఆ నాలుకను నమ్ముకునే మా సాకే కొట్టు నడుస్తోంది.

"నువ్వూ రుచి చూడవే, మినే. రేపు సీసాల్లోకి ఎత్తాలి."

రెండో గిన్నె అందుకున్నాను. మేలురకం బియ్యపు గింజల్ని సగమయ్యేదాకా అరగదీసి, చలికాలమంతా కాపలా కాసి చేసిన సాకే. నోట్లో పోసుకోగానే పులిసిన పాల కంపు కొట్టింది. పీపా మొత్తం చెడిపోయింది.

రుచి చూసి ఉమ్మేయడమే మా పద్ధతి. పని దగ్గర ఎవరూ మింగరు. నాన్న నా మొహంలోకే చూస్తున్నాడు.

మింగేశాను. "అవును నాన్నా. నీళ్లలానే ఉంది."

ఆయన నా చేతిలోంచి గిన్నె తీసుకుని, మిగిలిన సాకేని కాలవలో పారబోశాడు.

"పీపా మూత తీయగానే ముక్కుకు కొట్టిందే ఆ కంపు. నువ్వు నిజం చెబుతావో లేదో చూద్దామని కావాలనే నీళ్ల గిన్నె తీశాను."

"నువ్వు బాధపడతావని..."

"రేపట్నుంచి నువ్వు రావద్దు. ఇక్కడ నాకు కావలసింది నాలుక. కూతురు కాదు."