పక్క గదిలో చరిత్ర

కత్తెర కోసం సొరుగు లాగింది. కత్తెర లేదు. తోకలు పెనవేసుకున్న మౌసులు, ఒక హార్డ్ డిస్కు, పేరు తెలియని పచ్చ రేకొకటి తీరిగ్గా పడుకుని ఉన్నాయి. బట్టలు కుట్టి బతికే మనిషి ఇంట్లో కత్తెరకే చోటు లేకపోయేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ!"

ఆ పిలుపులో మర్యాద ఏమైనా ఉంటే చివరి అక్షరంలోనే ఉంది.

పక్క గదిలోంచి భర్త ఒళ్లు పక్కకి తిప్పుకుని బయటికొచ్చాడు. ఆ గదిలోకి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా అదొక్కటే పద్ధతి. లోపల నేల నుంచి కప్పు దాకా పాత కంప్యూటర్లే. ఊళ్లో ఎవరు ఏది పారేసినా, చెత్తబండి కంటే ముందు ఆయన వెళ్లేవాడు.

"రేపు పొద్దున్నే స్కూలు మేడమ్ వస్తుంది" అందామె, మెడలోని టేపు లాగి పక్కన పడేస్తూ. "బడి పిల్లలందరి యూనిఫారాలూ నాకే ఇస్తానంది. కుట్టడానికి విడిగా గది ఉందో లేదో కళ్లారా చూస్తుందట. సాయంత్రానికల్లా ఆ పక్క గది ఖాళీ కావాలి."

"అది గది కాదే, చరిత్ర!"

"అయితే ఆ చరిత్రను బయట పెట్టండి. నాకు గది కావాలి."

"నీకు దాని విలువ తెలియదు. తొలినాళ్లలో ఒక్క కంప్యూటరు పెట్టడానికి పేద్ద హాలు కావాల్సి వచ్చేది, తెలుసా?"

"ఎందుకు తెలియదు? మన హాలు పోయింది, గది పోయింది, ఇప్పుడు నా సొరుగు కూడా పోయింది. లోకంలో కంప్యూటర్లు చిన్నవవుతుంటే మనింట్లోనే పెరుగుతున్నాయి."

భర్త ఇలాంటి వాటికి జంకే రకం కాదు. లోపలినుంచి ఒక చిల్లుల అట్టముక్క తెచ్చి, పసిపిల్లను చూపినట్టు చూపాడు. "ఇది పంచ్ కార్డు. ఒకప్పుడు కంప్యూటరుకు ఏం చెప్పాలన్నా ఇలా చిల్లులు పొడిచి చెప్పేవారు."

"నేను ఇన్నాళ్లుగా మీ చెవుల్లో అదే పని చేస్తున్నాను. ఒక్కటైనా ఎక్కిందా?"

"అబ్బా, కాస్త విను. హార్డ్‌వేర్ అంటే అంతా ఒక గంపలో వేసేది కాదు. కీబోర్డు, మౌసు... ఇవి ఇన్‌పుట్. అంటే లోపలికి పంపేవి. తెర, ప్రింటరు అవుట్‌పుట్, బయటికిచ్చేవి."

"మనింట్లో అంతా ఇన్‌పుటే. వచ్చింది వచ్చినట్టు లోపలికి పోవడమే తప్ప, ఒక్కటీ బయటికి పోయిన పాపాన లేదు."

"ఇది ర్యామ్. కరెంటు పోగానే ఉన్నదంతా మర్చిపోతుంది."

"అదే నయం. మీరు పాలు తెమ్మంటే కరెంటు ఉండగానే మర్చిపోతారు."

భర్త మరో ముక్క తీయబోయి ఆగిపోయాడు. ఆవిడ మిషను ముందు కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వెటకారం ఆడే పెళ్లాం అయితే ఆయనకు అలవాటే. ఏడ్చే పెళ్లాం కొత్త.

"ఈ ఆర్డరు కోసం ఆ బడి మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో మీకు తెలుసు. ఇది పోతే మళ్లీ ఆ చిరుగులకు అతుకులూ, జిప్పులూ వేసుకుంటూ కూచోవడమే నా బతుకు. మీ చచ్చిన కంప్యూటర్లకున్న పాటి చోటు నాకు లేదా ఈ ఇంట్లో?"

ఆయన చేతిలోని ర్యామ్ పక్కన పెట్టాడు. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు గుసగుసలాడాడు. వచ్చేటప్పటికి మొహం వెలిగిపోతోంది.

"దొరికారు! చరిత్ర విలువ తెలిసిన పెద్దమనిషి. మొత్తం తనకే కావాలన్నారు. ఈ మధ్యాహ్నమే పంపించేస్తా."

"ఎవరా మహానుభావుడు?"

"పేరు మాత్రం ఇప్పుడే చెప్పొద్దన్నారు. ఇంట్లో తెలిస్తే గొడవట."

"పాపం" అంది ఆవిడ మనస్ఫూర్తిగా. అంతకుమించి ఆరా తీయలేదు. పీడ ఏ గుమ్మంలో దిగితే తనకేం?

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. తెరలు వెళ్లాయి, ప్రింటర్లు వెళ్లాయి, ఫ్లాపీల పెట్టెలు వెళ్లాయి. భర్త ఒక్కోదాన్నీ తడిమి తడిమి ఎక్కించాడు, అత్తారింటికి పిల్లను పంపుతున్నట్టు. వ్యాను కదిలాక ఆవిడ చీపురు పట్టింది. గదికి కిటికీ కూడా ఉందని అప్పుడే తెలిసింది. టేపుతో గోడలు కొలిచింది. కిటికీ కింద రెండో మిషను, ఈ పక్క కత్తిరించే బల్ల, ఆ మూల యూనిఫారాల కట్టలు. స్కూలు మేడమ్‌కి ఫోను చేసి, "గది సిద్ధంగా ఉందండీ, రేపు తప్పకుండా రండి" అని కూడా చెప్పేసింది. ఆ సంతోషంలో, ఒక్క దెప్పుడు మాట లేకుండా భర్తకు కాఫీ ఇచ్చింది. ఆయన భయంభయంగానే తాగాడు.

అంతలో ఫోను మోగింది. అమ్మ.

"అమ్మా! మా ఇంట్లో ఈ రోజు పండగే అనుకో!"

"మీ ఇంట్లో పండగే. మా ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. మీ ఆయన పంపిన డొక్కు పెట్టెల మధ్య మీ నాన్న పసివాడిలా గంతులేస్తున్నారు. ఆ మనిషికీ ఆ చరిత్రకూ ఓ దండం పెట్టి, నా మంచం, బీరువా ఆ వ్యానులోనే వేసుకుని బయల్దేరాను. మీ వీధి మలుపు తిరిగాం, ఆ ఖాళీ అయిన గది తలుపు తీసి ఉంచు!"